నలభై నిమిషాలు ముందున్న గడియారం

మా ఆయనకి తప్పు టైము చూపించే గడియారం కనబడితే చేతులు ఊరుకోవు. ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో ఈ మాట నేను ఎంతమంది దగ్గర చెప్పుకుని మొత్తుకున్నానో లెక్కలేదు. ఆసుపత్రిలో నేను నొప్పులు పడుతుంటే ఈయన బయట వరండాలో స్టూలెక్కి గోడ గడియారం సరిచేస్తున్నారు. నర్సు వెళ్ళి ఆడపిల్ల పుట్టిందని చెబితే, ఎన్ని గంటలకని అడిగారట. పదకొండూ ఇరవైకని ఆవిడ చెబితే, ఆ గడియారం నేను బాగుచేయక ముందా, చేశాకా అని రెండో ప్రశ్న. తల్లీ పిల్లా ఎలా ఉన్నారన్నది మూడో ప్రశ్న. ఆ నర్సు ఇదంతా నాకు చెప్పి, మీ ఆయన మంచివారేగానీ అంటూ మధ్యలో ఆపేసింది.

గడియారాలు బాగుచేయడం ఆయన వృత్తి. జెరాక్సు కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది మా దుకాణం. గోడలనిండా నలభై ఏడు గడియారాలు, అన్నీ ఒకటే టైము. పన్నెండయ్యేసరికి గంటలున్నవన్నీ కలిసి మోగడం మొదలుపెడితే, మందుల షాపాయన ఫోన్లో మాట్లాడుతున్నవాడల్లా ఆపి, అవి అయ్యేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెడతాడు. మా అమ్మాయి ఆ చప్పుళ్ళ మధ్యే పెరిగింది. పసితనంలో చెవి దగ్గర గడియారం పెడితేగానీ నిద్రపోయేది కాదు. అందుకని దానికి టిక్కు అని పేరొచ్చింది. అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉండిపోయింది.

ఆ టిక్కు చదువు పూర్తయ్యాక, మాకు మాట మాత్రం చెప్పకుండా పరీక్ష రాసి, కొండల్లో ఉన్న అభయారణ్యంలో గైడు ఉద్యోగం తెచ్చుకుంది. వచ్చినవాళ్ళని అడవిలోకి నడిపించుకెళ్ళి, జంతువుల్ని దూరం నుంచి చూపించి, మళ్ళీ క్షేమంగా వెనక్కి తీసుకురావాలి, అదీ పని. ఆయన వారం రోజులు దానితో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు మాట్లాడి, ఇంతకన్నా మాట్లాడకపోతేనే బాగుండేదనిపించారు. అదేమైనా తక్కువ తిందా? ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసి, సంచీ సర్దుకుంది. వెళ్ళేటప్పుడు చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టింది. అద్దం ఎండకి తళుక్కుమంటే జంతువులు బెదురుతాయట, అందుకని గైడ్లు పెట్టుకోకూడదట. అది పదో తరగతి పాసైనప్పుడు ఆయన ఒక్కొక్క ముక్కా ఏరి, తన చేత్తో కూర్చి ఇచ్చిన గడియారం అది. ఆయన దాన్ని దుకాణానికి తీసుకెళ్ళి, రోజూ పొద్దున్నే కీ ఇస్తూ వచ్చారు.

అలా ఎనిమిది నెలలు గడిచాక ఒకరోజు, టిక్కు దగ్గరికి వెళ్దాం పద అన్నారు. ఇన్నాళ్ళకి మనసు కరిగిందనుకుని నేను మురిసిపోయాను. నా మొహం. దుకాణంలో తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించారప్పటికే, మెత్తటి దిండుతో సహా. పిల్లని వెంటబెట్టుకొచ్చి అందులో కూర్చోబెట్టాలని ఆయన ఎత్తు. కొండల్లో దానికి ఏమవుతుందోనని తనకి తిండి సయించడం లేదన్నారు. నేను గట్టిగా కాదనలేదు. భయం నాకూ ఉంది. నేను పైకి చెప్పను, అంతే తేడా.

అభయారణ్యం కింది గేటు దగ్గర అందరి ఫోన్లూ తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఫొటోల పిచ్చిలో జంతువుల మీదికి వెళ్ళేవాళ్ళు ఎక్కువైపోయారట. అక్కడి నుంచి జీపు. దాన్ని రోడ్డు అనడానికి మనసొప్పదు, రాయి మీద రాయి. ఒకపక్క నిలువు కొండ, ఇంకోపక్క చూస్తే కళ్ళు తిరిగే లోయ. ముందు సీటు కడ్డీని పట్టుకున్నదాన్ని దిగేదాకా వదల్లేదు నేను. టిక్కు మాత్రం వెనకాల నిలబడి, ఖాకీ చొక్కా చేతులు మడుచుకుని, మాతోపాటు ఎక్కిన ఏడుగురికీ అన్నీ చూపిస్తోంది. చెట్టు బెరడు మీద ఎలుగుబంటి గోళ్ళ గీతలు, దారిలో పడిపోయిన ముళ్ళపంది ముల్లు, రాతి మీద ఎండకి పడుకున్న ఉడుము. అది వేలు పెట్టి చూపించేదాకా మాకెవరికీ ఒక్కటీ కనబడలేదు.

ఒకచోట జీపు ఆపించి, మాట్లాడొద్దన్నట్టు చెయ్యెత్తింది. పొద పక్కన చుక్కల జింక నిలబడి ఉంది, దాని పొట్ట కిందికి దూరి పిల్ల పాలు తాగుతోంది. ఇంట్లో పది కేకలు వేస్తేగానీ మంచం దిగని పిల్ల, అలా చెయ్యెత్తితే ఏడుగురు పెద్దవాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నాకు గర్వంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన కూడా చూస్తున్నారా లేదా అని పక్కకి తిరిగాను. చూస్తున్నారు, జింకని కాదు. టిక్కు బోసి మణికట్టుని చూస్తున్నారు.

జీపు వెళ్ళగలిగేది పై గది దాకానే. కొండ భుజం మీద రాళ్ళతో కట్టిన గది అది, ముందొక వరండా. లోపల రెండు బెంచీలు, నీళ్ళ డబ్బాలు, గోడకి అడవి పటం, దాని పక్కన పాతకాలపు లోలకం గడియారం. వరండా దూలానికి ఒక రైలు పట్టా ముక్క వేలాడదీసి ఉంది. అక్కడ కాపలా ఉండే ముసలాయన్ని అందరూ గంట తాత అంటారు. లోపలి గడియారం ఐదు కొట్టగానే ఆయన బయటికొచ్చి, ఆ పట్టా మీద ఇనపకడ్డీతో ఐదు దెబ్బలు వేస్తాడు. కొండ అవతలికి కూడా వినబడుతుందట. గది నుంచి దారి కిందికి ఒక వాగులోకి దిగి, దాటి, మళ్ళీ పైకెక్కి ఒక పెద్ద బండ మీదికి పోతుంది. నలభై నిమిషాల నడక. అక్కడ కూర్చుంటే లోయంతా కనబడుతుంది, అడవిదున్నలు మేస్తూ ఉంటాయి. గంట వినబడగానే ఎక్కడివాళ్ళు అక్కడ లేచి వెనక్కి రావాలి. ఇదంతా టిక్కు ఆ ఏడుగురికీ రెండుసార్లు చెప్పింది.

ఆయన మోకాళ్ళు అంత నడకకి ఒప్పుకోవు. ఆయన్ని ఒంటరిగా వదిలి నేను వెళ్ళను. అందుకని మేమిద్దరం గదిలోనే ఉండిపోయాం. వెళ్తూ వెళ్తూ టిక్కు గుమ్మంలో ఆగి, "చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చో నాన్నా, ఏదీ ముట్టుకోకు" అంది. ఆ ఏడుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. గంట తాత కూడా రెండు ఖాళీ డబ్బాలు తీసుకుని, కోతులొస్తాయి తలుపు దగ్గరికి వేసుకోమని చెప్పి, నీళ్ళకి ఊట దగ్గరికి బయల్దేరాడు. వచ్చేసరికి గంటకి పైనే పడుతుందన్నాడు.

తలుపు వేశానో లేదో, ఆయన గడియారం ముందు నిలబడి ఉన్నారు. తన చేతి గడియారం చూసుకున్నారు, గోడది చూశారు, మళ్ళీ చేతిది చూసుకున్నారు. చేతిది రెండున్నర, గోడది మూడూ పది. నలభై నిమిషాలు ముందుంది. ఇంతమంది వచ్చిపోయే చోట, సర్కారు గదిలో, నలభై నిమిషాల తప్పా అని మొదలుపెట్టారు. ఇలాంటి చోటా నా కూతురు పనిచేసేది, టైమే సరిగ్గా పెట్టుకోలేనివాళ్ళు దాన్నేం కాపాడతారు, సాయంత్రం అది రాగానే చెప్పేస్తాను, రేపటి బండికే ముగ్గురం వెళ్ళిపోతున్నాం. ఇదీ వరస. నేను బెంచీ మీద నడుం వాల్చాను. ఆయన గొణుగుడు ఆగదు. కాసేపయ్యాక నాకు విసుగొచ్చి, ఆ చేతులకేదో పని చెప్పుకోండి గానీ నన్ను చంపకండి అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఎవర్నీ అని లాభం లేదు.

ఆయన అద్దం తలుపు తీశారు. గంటలు కొట్టే గడియారాన్ని వెనక్కి తిప్పకూడదు, లోపలి మీట దెబ్బతింటుంది. లోలకాన్ని ఆపేసి, అసలు టైము వచ్చి ఆ ముళ్ళని అందుకునేదాకా ఆగి, అప్పుడు కదపాలి. పనితెలిసినవాళ్ళ పద్ధతి అది. ఆయన రెండు వేళ్ళతో లోలకాన్ని పట్టుకుని ఆపారు. నలభై నిమిషాలు దాని ఎదురుగానే కూర్చున్నారు, ముక్కుపొడి డబ్బా అంత చిన్న గుడ్డతో అద్దం తుడుస్తూ. గొణుగుడు ఆగిపోయింది. అదే పదివేలు అనుకుని నేను కళ్ళు మూసుకున్నాను. అన్నీ చూశాను, చూసి ఊరుకున్నాను. మళ్ళీ టిక్ టిక్ మొదలయ్యాక ఆయన వచ్చి నా పక్కన కూర్చుని, తృప్తిగా కాళ్ళు చాపుకున్నారు.

గంట తాత నిండు డబ్బాలతో వచ్చి గోడ వైపు చూసి, ఇంకా నాలుగే కాలేదా, ఇవాళ తొందరగా నడిచేశానే అని సంబరపడ్డాడు. ఈ వయసులో కూడా కాళ్ళలో బలముందన్నమాట అని నాతో చెప్పాడు. మాకు టీ పెట్టి ఇచ్చాడు. ఇంకా బోలెడు టైముందని వరండాలో గోడకి చేరగిలబడి ఓ కునుకు తీశాడు. ఆయన ఆ టీ తాగుతూ, తాతకి ఏమీ చెప్పకుండా, తానే తెలుసుకోనీ అన్నట్టు ముసిముసిగా నవ్వుకుంటున్నారు. తను చేసిన మేలు ఎవరైనా కనిపెట్టి మెచ్చుకోవాలి ఆయనకి. అడక్కుండా చెబితే విలువుండదట.

కనిపెట్టడం అయితే కనిపెట్టాడు తాత. గడప మీది ఎండ జరుగుతూ జరుగుతూ వరండా అంచు దిగిపోయింది. తాత కళ్ళు తెరిచి ఆ అంచు వైపు చూశాడు. లేచి లోపలికొచ్చి గడియారం చూశాడు. ఐదుకి ఇరవై నిమిషాలు తక్కువ. మళ్ళీ బయటికెళ్ళి ఎండ చూశాడు. గడియారం గానీ ఆగిందా సార్ అని అడిగాడు. ఆయన కాలు మీద కాలు వేసుకుని, ఆగలేదు పెద్దాయనా, నలభై నిమిషాలు ముందుంటే నేనే సరిచేశాను అన్నారు.

ముసలాయన మొహంలో నెత్తురు లేదు. వరండాలోకి పరిగెత్తి, ఇనపకడ్డీ అందుకుని, పట్టా మీద ఐదు దెబ్బలు వేశాడు. అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న కొండంతా మోగింది. కడ్డీ కింద పెట్టేసి, ఆయాసపడుతూ, మెట్టు మీద కూర్చుని అప్పుడు చెప్పాడు.

"ఐదింటికి గంట కొట్టాలని ఆఫీసు రూలు సార్. ఏనుగులకి రూలు తెలీదు కదా. ఐదయ్యేసరికి అవి ఆ వాగులోకి నీళ్ళకి దిగిపోతాయి. రూలు మార్చమని మూడుసార్లు రాశాం, మార్చలేదు. ఏనుగుల్ని మార్చలేం. అందుకని గడియారం మార్చుకున్నాం. పన్నెండేళ్ళయింది."

అంటే అసలు నాలుగూ ఇరవైకి వినబడాల్సిన గంట. అది వింటే ఐదుకల్లా వాగు దాటి వచ్చేసేవాళ్ళు. ఇప్పుడు ఆలస్యంగా విని, ఇప్పుడు లేచి బయల్దేరితే, ఏనుగులు దిగే వేళకి సరిగ్గా వాగు నడుమ ఉంటారు. ఈసారి ఏనుగుల గుంపులో పసికూన ఉందట. పిల్ల ఉన్న తల్లి ఏనుగు ఎలా ఉంటుందో తాత చెప్పబోయి, నా మొహం చూసి మానేశాడు. వాకీటాకీ ఆ కొండ వెనక పనిచేయదు. గంట మళ్ళీ కొడదామంటే, ఐదు దెబ్బలకి ఏనుగులు అలవాటుపడ్డాయి గానీ, అదేపనిగా మోగిస్తే బెదిరి ఎటు పరిగెత్తుతాయో చెప్పలేమన్నాడు. చేయగలిగిందల్లా చూస్తూ నిలబడటమే.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదంటారు. ఆయన బుద్ధికి నా కూతురు పోవాలా? నాకు ఒళ్ళు మండిపోయింది. వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

"అడవి దాన్నేమీ చెయ్యలేదండీ. ఎనిమిది నెలలుగా ఏమీ చెయ్యలేదు. చేసింది మీ చెయ్యి" అన్నాను.

ఎప్పుడూ ఏ మాటకైనా నాలుగు మాటలు తిరిగి అనే మనిషి, తన కుడిచెయ్యి తను చూసుకుంటూ నిలబడ్డారు. తర్వాత చెప్పుల్లోకి కాళ్ళు దూర్చి, ఆ మోకాళ్ళతో మెట్లు దిగబోయారు. నేనెళ్ళి తీసుకొస్తానంటారు. తాత రెండు చేతులా ఆయన భుజాలు పట్టుకుని ఆపాడు. మీరు కూడా దారిలో ఉంటే ఆ పిల్ల ఎవర్ని చూసుకోవాలి సార్ అన్నాడు. ఆ మాటకి ఆయన మెట్టు మీదే కూలబడిపోయారు. నాకు జాలి వేయలేదు. ఉన్న నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో ఆయన మీద నాకు వీసమెత్తు జాలి వేయలేదు. ఆ వెంటనే, చేతులకి పని చెప్పుకోమన్నది నేనేగా అని గుర్తొచ్చి, నా మీద నాకూ వేయలేదు.

కుడివైపు చెట్లలో ఎక్కడో కొమ్మ ఫెళ్ళున విరిగింది. తాత అటు చూసి, దిగుతున్నాయి అన్నాడు చిన్నగా. మళ్ళీ ఇంకో కొమ్మ, ఈసారి దగ్గరగా. నేను దారి మలుపు మీదినుంచి కళ్ళు తీయలేదు. వాగులోంచి పైకొచ్చే దారి రెండు బండల మధ్యనుంచి కనబడుతుంది. అక్కడ ఎండిన గడ్డి తప్ప ఇంకేం లేదు. చిన్నప్పుడు టిక్కు బడి నుంచి పావుగంట ఆలస్యమైతే వీధి చివరికెళ్ళి నిలబడేదాన్ని, వచ్చాక వీపు మీద ఒకటి వేసేదాన్ని. ఇప్పుడు వస్తే చాలు, దేవుడా, ఒక్క మాట కూడా అనను అనుకున్నాను.

ముందు ఒక నల్ల గొడుగు కనబడింది. దాని కింద, మాతో జీపెక్కినవాళ్ళలో పొద్దున్నుంచీ ఎండ ఎండ అని సణుగుతున్నాయన. వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలుగురు, ఐదుగురు, ఆరు, ఏడు. ఏడుతో ఆగిపోయింది. గైడు అందరికన్నా చివర నడవాలన్న సంగతి నాకేం తెలుసు? అప్పుడు బండ పక్కనుంచి ఖాకీ టోపీ పైకి లేచింది. వెనక్కి వెనక్కి చూసుకుంటూ, ముందువాళ్ళని చేత్తో తొందరపెడుతూ టిక్కు వచ్చింది. పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. అమ్మయ్య అనబోతే ఏడుపొచ్చింది.

గొడుగాయన మెట్లెక్కుతూనే తాత మీద ఫిర్యాదు అందుకున్నాడు. ఏం పద్ధతండీ ఇది, గంట వినబడితేనే లేవాలని రెండుసార్లు చెప్పింది మీ గైడు, తీరా చూస్తే గంటా లేదు గింటా లేదు, దున్నలు అప్పుడే బయటికొస్తున్నాయి, లేవండి లేవండి అని ఉన్నపళంగా లాక్కొచ్చేసింది, గంట మాకు సగం దారిలో వినబడింది, డబ్బు... అంటుండగా వెనక వాగులో చప్పుడైంది. అందరం తిరిగి చూశాం. రెండు నిమిషాల క్రితం వాళ్ళు నడిచొచ్చిన దారికి అడ్డంగా, నల్లటి పెద్ద తల ఒకటి చెట్లలోంచి బయటికొచ్చింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. ఆ కాళ్ళ మధ్యన, తొండం ఏం చేసుకోవాలో ఇంకా తెలియని పసికూన. పదకొండు లెక్కపెట్టాను. గొడుగాయన గొడుగు ముడిచేసి, నెమ్మదిగా బెంచీ మీద కూర్చుని, కాసిని మంచినీళ్ళు అడిగాడు.

మా ఆయన చేతి గడియారం చూసుకున్నారు. గంట కొట్టి ఇరవై రెండు నిమిషాలైంది. నలభై నిమిషాల దారి. ఆయనకి లెక్క అర్థమైంది గానీ సంగతి అర్థం కాలేదు. లేచి టిక్కు దగ్గరికి వెళ్ళి, గంట వినకుండా ఎలా బయల్దేరావే అని అడిగారు. ఆయన గొంతు నాకే కొత్తగా వినబడింది.

టిక్కు టోపీ తీసి మొహం తుడుచుకుంది. రోజూ గంట మోగే వేళకి బండ నీడ ఒక ఎండిపోయిన చెట్టు మొదలు దాకా వస్తుందట. ఇవాళ నీడ మొదలు దాటింది, గంట మోగలేదు. తాతకి ఒంట్లో బాగాలేదేమో అని మొదట అనుకుందట.

"తర్వాత గుర్తొచ్చింది, నువ్వు ఆ గదిలో ఉన్నావని" అంది. "తప్పు గడియారం ఉన్న గదిలో నువ్వు రెండు గంటలు ఊరికే కూర్చుంటావా నాన్నా? నాకు తెలీదా నీ సంగతి?"

ఆ ఏడుగురూ మళ్ళీ నవ్వారు. నేను నవ్వానో ఏడ్చానో నాకు తెలీదు. ఆయన మాత్రం నిలబడినచోటే నిలబడి, దాన్ని అలా చూస్తూ ఉండిపోయారు. పదేళ్ళ పిల్లగా కౌంటరు కింద కూర్చుని లెక్కలు చేసుకున్న టిక్కు, తల ఎత్తకుండానే ఆయన్ని ఎంత చదివేసిందో అప్పుడు తెలిసొచ్చినట్టుంది. టిక్కు దగ్గరికొచ్చి, తప్పు నాది కూడా అంది. ఆ గడియారం సంగతి ముందే చెప్పాల్సిందట. చెబితే నేను పనిచేసే చోట టైము తప్పని నువ్వు గంటసేపు క్లాసు పీకుతావని భయపడ్డాను నాన్నా, ఏదీ ముట్టుకోకు అంటే చాల్లే అనుకున్నాను అంది. ఆయన దాని తలమీద చెయ్యి వేశారు. క్షమించమని అనలేదు. ఆ మాట ఆయనకి రాదు. తల తిప్పుకుని, గదిలోకి వెళ్ళిపోయారు.

ఆయన వెనకే తాతా, టిక్కూ, నేనూ వెళ్ళాం. గడియారం ఐదూ పది చూపిస్తోంది. కచ్చితంగా ఐదూ పదే అయింది. తాత చెయ్యి పెట్టబోతే ఆయన వద్దన్నారు. అద్దం తలుపు తానే తీశారు. నలభై ఏళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి గడియారాలూ సరిచేసిన వేలు పెద్దముల్లు మీద ఆగింది. ముల్లుని ముందుకి తిప్పారు. ఐదున్నర దగ్గర ఆగి, అది ఒక్క గంట కొట్టేదాకా ఓపిగ్గా నిలబడి, మళ్ళీ తిప్పారు. ఐదూ నలభై ఎనిమిది దగ్గర ఆపి, సరేనా అన్నట్టు వెనక్కి చూశారు.

"ఇంకో రెండు నిమిషాలు నాన్నా" అంది టిక్కు.

ఇంకో రెండు నిమిషాలు తిప్పి తలుపు మూశారు. ఇది ఎవరైనా సరిచేస్తే ఒప్పుకోవద్దు పెద్దాయనా, దీని మీద ఒక కాగితం అంటించండి అని తాతకి జాగ్రత్తలు చెప్పారు. తాత, ఇన్నేళ్ళలో సరిచేసినవాళ్ళు మీరొక్కరే సార్, ఇంకో మనిషి వస్తాడని అనుకోను అన్నాడు.

జీపులో కిందికి వస్తున్నంతసేపూ రేపటి బండి మాట ఎత్తుతారేమోనని చూశాను. ఎత్తలేదు. గేటు దగ్గర ఫోన్లు ఇచ్చేటప్పుడు కూడా ఎత్తలేదు. మర్నాడు పొద్దున టిక్కు మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చింది. ఆయన కిటికీలోంచి దాని చెయ్యి పట్టుకుని, నీడ చూసుకుంటూ ఉండు అన్నారు. అంతే అన్నారు. బస్సు కదిలాక నేనే ఉండబట్టలేక, కుర్చీ సంగతేమిటి అని అడిగాను. వచ్చినవాళ్ళు నిలబడుతున్నారుగా, కూర్చుంటారు అన్నారు.

ఇప్పుడు ఆ కుర్చీలో వచ్చినవాళ్ళే కూర్చుంటున్నారు. కౌంటరు మీద, ఆయన చెయ్యి పక్కన, టిక్కు వదిలేసి వెళ్ళిన చేతి గడియారం ఉంటుంది. రోజూ కీ ఇస్తారు. అది నలభై నిమిషాలు ముందుంటుంది. అందులో ఐదవగానే పట్టకారు కింద పెట్టేస్తారు. ఎంత తొందర పనైనా, ఎదురుగా ఎవరు కూర్చున్నా, చేతులు కట్టుకుని కూర్చుంటారు. గోడమీది గడియారాలు ఐదు కొట్టాక, వచ్చేసి ఉంటుంది అని నాతో అని, మళ్ళీ పనిలో పడతారు. ఆ మాట వినడానికే నేను రోజూ ఆ వేళకి టీ తీసుకుని దుకాణానికి వెళ్తున్నాను. కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎవరో ఒకరు ఆ చిన్న గడియారం చూసి, ఇన్ని గడియారాల మధ్య ఇదొక్కటీ తప్పుందేమిటండీ అంటారు. తెలుసండీ, అలాగే ఉండనివ్వండి అంటారు ఆయన.